ఓవెన్‌లో మొలిచిన కొండపూలు

కొండపూల విత్తనాలంత మొండిఘటాలను నేనింకెక్కడా చూడలేదు. మెంతులు చల్లితే మూడోనాటికి మొలుస్తాయి. పెసలు తడిగుడ్డలో మూటకడితే తెల్లారేసరికి తోకలు పెడతాయి. ఇవి మాత్రం నెలల తరబడి మంచులో గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకడితే తప్ప కళ్లు తెరవవు. వెచ్చగా చూసుకుంటే వీటికి గిట్టదు.

డెన్వర్ శివార్లలో మేముండే ఇంటికి కొంచెం దూరంలో ఒక నర్సరీ ఉంది. దగ్గరి కొండల మీద చెట్లు కూడా బతకని ఎత్తులో, నడిచేవాళ్లు తొక్కి బోడి చేసిన కొండదారుల పక్కన మళ్లీ నాటడానికి అక్కడ ఆ కొండల సొంత పూలమొక్కలనే పెంచుతారు. నేను గుంటూరులో ఒక కాలేజీలో బోటనీ చెప్పినదాన్ని. పెళ్లయి ఇక్కడికొచ్చాక, ఉద్యోగం చెయ్యనివ్వని డిపెండెంట్ వీసా మీద ఏళ్లకేళ్లు వంటింటికీ కార్‌కీ మధ్య తిరిగాను. చివరికి వర్క్ పర్మిట్ చేతికొచ్చిన వారమే వెళ్లి ఉద్యోగం అడిగాను. నర్సరీ నడిపే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, ఒక ట్రే నిండా చిన్న నల్లకుండీలు, చిటికెడు విత్తనాలు ఇచ్చింది. వసంతానికి మొలిపించి తెస్తే ఉద్యోగం నాదేనంది. అవి స్కై పైలట్ అనే ఊదాపువ్వు విత్తనాలు. పువ్వు ముచ్చటగా ఉంటుంది గానీ ఆకు నలిపితే స్కంక్ అనే ఇక్కడి జంతువు వదిలే కంపు. "ఈ కంపు కోసమా ఇంత హైరానా?" అన్నారు మావారు. ఈ దేశంలో నాకంటూ దొరకబోయే మొదటి పని అది. ఆయనకేం తెలుస్తుంది.

ఇసుక, సన్నకంకర కలిపిన మట్టి కుండీల్లో నింపి, విత్తనాలు పైపైన చల్లి, ఎలుకలు రాకుండా ఇనపజాలీ కప్పి, చలి మొదలవుతుండగా ఇంటి వెనక చెక్కల డెక్ మీద పెట్టాను. ఇక నేను చేసేదేమీ లేదు. మంచు పడాలంతే.

సరిగ్గా అప్పుడే మా అత్తగారు ఆరునెలలుందామని దిగారు. రోజూ కిటికీలోంచి ఆ ట్రే చూసి నిట్టూర్చేవారు.

"ఏం పాపం చేశాయమ్మా అవి, చలికి బిర్రబిగుసుకుపోతున్నాయి. లోపల పెట్టరాదూ?"

"వాటికి చలే కావాలత్తయ్యా."

"నీ చదువూ నువ్వూ. చలిలో ఏదన్నా మొలుస్తుందా?"

చెప్పాను. బొమ్మ గీసి మరీ చెప్పాను. చలికాలం గడిచిపోయిందని గింజకి నమ్మకం కుదరాలని, అప్పటిదాకా కదిలించకూడదని చెప్పాను. ఆవిడ తలూపారు. మా అత్తగారు తలూపారంటే ఒప్పుకున్నట్టు కాదు, ఇక చాలించమని.

జనవరిలో పెద్ద మంచు పడింది. డెక్ మొత్తం కనపడకుండా కప్పుకుపోయింది. నా కుండీలు దాని కింద హాయిగా ఉన్నాయనుకుని సంబరపడ్డాను. ఆ మంచు ఇంకా కరగకముందే ఒకరోజు పొద్దున్న వంటింట్లోంచి పిలుపు.

"అమ్మాయ్, ఇలా రా. నీ పిల్లలు పుట్టారు."

ఇక్కడ చలికాలంలో దోసెపిండి బయట పెడితే చచ్చినా పులవదు. అందుకని మన తెలుగువాళ్లం ఓవెన్ వెలిగించకుండా, లోపలి లైటు మాత్రం వేసి, ఆ వెచ్చదనంలో పిండిగిన్నె పెడతాం. మా ఇంట్లో ఓవెన్‌కి వేరే పని లేదు. పిండి సంగతి అత్తగారిదే కాబట్టి నేను అటువైపు చూడనే లేదు. ఇప్పుడు ఆవిడ తలుపు తీస్తే, కింది అరలో పిండిగిన్నె, పై అరలో నా ట్రే. మంచు పడకముందే లోపలికి తెచ్చేశారట. అప్పటిదాకా బయట తిన్న చలినే చలికాలమనుకుని, ఈ వెచ్చదనానికి వసంతం వచ్చేసిందని గింజలు మోసపోయినట్టున్నాయి. కుండీల్లోంచి తెల్లగా, దారప్పోగుల్లాంటి మొలకలు లైటు వైపు మెడలు సాచి ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

"మొలవకపోతే ఏడవాలి గానీ, మొలిస్తే ఏడుస్తావేంటమ్మా?" అన్నారావిడ, నిజంగానే అర్థంకాక.

మావారు లాప్‌టాప్ మీంచి తలెత్తి, "డెలివరబుల్ ఎర్లీగానే వచ్చేసిందిగా, ఇంకేం ప్రాబ్లం?" అన్నారు. ఆ పూట ఆ మనిషికి టిఫిన్ పెట్టలేదు.

బయట పెడితే ఆ లేతమొలకలు ఒక్కరాత్రిలో గడ్డకట్టి పోతాయి. లోపల ఉంచితే వెచ్చదనానికి సాగిసాగి మెడలు వాల్చేస్తాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మావారి కార్‌ని మంచులోకి తోలించి, గ్యారేజీలో లైటు కట్టి, అక్కడ పెట్టి నానా తంటాలూ పడ్డాను. అయినా మొదళ్లు కుళ్లి ఒక్కొక్కటే పడిపోయాయి. అత్తగారు శాలువా కప్పుకుని అక్కడికీ వచ్చి, "ఇక్కడ కూడా చలేస్తోందే వాటికి" అనేవారు. పగతో చేసుంటే తిట్టిపోద్దును. జాలిపడి చేసిన మనిషిని ఏమని తిట్టను?

ఇక దాచి లాభం లేదని, మిగిలిన నాలుగు బక్కమొలకలతో నర్సరీకి వెళ్లాను. నర్సరీ ఆవిడ ఒకదాన్ని వేలితో ఎత్తి చూసి, ఇంత తొందరగా ఎలా వచ్చాయని అడిగింది. ఓవెన్‌లో అన్నాను. ఆవిడ కళ్లజోడు తీసింది. దోసెపిండి గురించి ఇంగ్లీషులో చెప్పడం కన్నా ఆ గింజని మొలిపించడం తేలిక. అంతా విని, ఇవి కొండ మీద ఒక్కరోజు కూడా నిలవవంది. నాకు తెలుసన్నాను. పర్లేదు, వచ్చే ఏడు ఇంకో ట్రే ఇస్తాను, ఇంట్లో మళ్లీ ప్రయత్నించమంది.

వచ్చే ఏడట. అదీ ఇంట్లోనట. నా ఓపిక అక్కడితో అయిపోయింది.

"ఇంటికి ఇవ్వకండి," అన్నాను. "ఈ గింజకి ఏం కావాలో నాకు తెలుసు. క్లాసులో చెప్పిన పాఠమే అది. నాకు కావలసింది ఇంకో ట్రే కాదు, దీని మీద ఎవరూ జాలిపడని చోటు. మీ దగ్గర ఉంటే ఇవ్వండి, లేకపోతే లేదని చెప్పేయండి. ఇంకో ఏడాది నేను కూర్చోలేను."

గొంతు పెరిగిందని నాకే తెలుస్తోంది. ఆవిడ కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. తర్వాత వెనక తలుపు తీసి మంచులోకి నడిచింది. నేనూ వెంట వెళ్లాను. అక్కడ వరసగా చెక్కబల్లలు, వాటి మీద మంచు కప్పుకున్న కుండీలు. చివరి బల్ల మీద మంచుని చేత్తో తుడిచి, ఇది ఖాళీయేనని, కొత్త విత్తనాలకి సరిపడా చలి ఇంకా మిగిలే ఉందని, సోమవారం నుంచి పనిలోకి రమ్మని చెప్పింది.

ఇంటికొచ్చి చెప్పాను. అత్తగారు పిండి కలుపుతున్న చెయ్యి ఆపకుండా విన్నారు.

"నేను లోపల పెట్టబట్టే కదమ్మా, నీకు ఇల్లు దాటే దారి దొరికింది," అన్నారు నింపాదిగా.

అందులో అబద్ధం లేదు. ఆ సంగతే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.