సారు ఎంచిన కెమెరా

నలభై రెండేళ్ల వయసులో నాకు కెమెరా కొనుక్కోవాలనే బుద్ధి పుట్టింది. గూడూరు హైస్కూల్లో సైన్సు చెప్తాను. చలికాలంలో పులికాట్ సరస్సుకి వచ్చే ఫ్లెమింగోల గురించి ఏటా పాఠం చెప్పడమే గానీ, వాటిని ఒక్క ఫోటో నా చేత్తో తీసింది లేదు. ఆ మాట స్టాఫ్‌రూమ్‌లో అనడమే నేను చేసిన తప్పు.

మా లెక్కల సారు అప్పటికే ఫోటోగ్రాఫరు. అంటే ఆయనకు ఒళ్లంతా జేబులున్న కోటు ఉంది, తీసిన ప్రతి ఫోటో మీదా పిట్టకంటే పెద్దగా ఆయన పేరు ఉంటుంది. నెల రోజులు మధ్యాహ్నం అన్నాల దగ్గర నాకు లెన్సుల గురించి క్లాసు పీకారు. పదో తరగతి పిల్లలకు అంత ఓపిగ్గా ఒక్క లెక్క చెప్పిన పాపాన పోలేదు. "మీకెందుకు మేడమ్, నేను ఎంచి పెడతా గదా" అంటూ నెల్లూరులో కొట్టుకి కూడా వెంట వచ్చారు.

కొనేది నేను, కొట్టాయన మాట్లాడేది సారుతో. అక్కడున్న ఒక చిన్న కెమెరా నా చేతిలో చక్కగా ఇమిడింది. "ఇది బాగుంది" అన్నాను. ఇద్దరూ నవ్వారు.

"అది పిక్నిక్కులకి మేడమ్" అన్నాడు కొట్టాయన, సారు వైపే చూస్తూ.

పది నిమిషాల్లో సారు ఎంచిన పొడుగు లెన్సు కెమెరా నా మెడలో నీళ్ల బిందెంత బరువుగా వేలాడింది. క్లాసులో అరవైమంది నోరు మూయించేదాన్ని, ఆ రోజు బుద్ధిగా డబ్బు కట్టి వచ్చేశాను.

ఆదివారం సారూ నేనూ దొరవారిసత్రం దాటి సరస్సు దగ్గరికి పోయాం. గట్టు మీద చేపల గంపతో వస్తున్న ఒకామె నన్ను చూసి ఆగింది.

"ఏందక్కా, మెడకి అంత కట్టుకున్నావు? నన్నొక ఫోటో తీయి. గంపతో సహా, నిలువునా రావాల."

కన్ను పెట్టి చూశాను. ఆమె ముక్కుపుడక ఒక్కటే కనబడింది. వెనక్కి జరిగాను, గడ్డం వచ్చింది. ఇంకా జరిగాను. గంప ఇంకా రాలేదు గానీ నా కాళ్లు మోకాళ్ల దాకా బురదలో దిగబడ్డాయి.

"అది మనుషుల కోసం కాదు మేడమ్, పక్షుల కోసం" అన్నారు సారు, పొడినేల మీద నిలబడి.

"మనుషుల్ని తీయకపోతే అదేం కెమెరా సామీ?" అంటూ ఆమె గంప దించి, చెయ్యిచ్చి నన్ను పైకి లాగింది. సారు చేతులు కోటు జేబుల్లోనే ఉన్నాయి.

ఇంతకీ ఆ పక్షులు నీళ్లవతల ఎక్కడో ఉన్నాయి. ఆ లెన్సులోనూ గులాబి రంగు చుక్కల్లాగే పడ్డాయి. "ఇంకా పెద్దది తీసుకోవాల్సింది" అన్నారు సారు.

మరుసటి శనివారం ఒక్కదాన్నే నెల్లూరు పోయాను.

"సారు రాలేదా మేడమ్?" అన్నాడు కొట్టాయన.

"సారుకి కెమెరా ఉందయ్యా. నాకే లేదు."

పెద్దది తిరిగిచ్చేసి చిన్నది తెచ్చుకున్నాను. కొంత నష్టం వచ్చింది, వస్తే వచ్చింది. స్టాఫ్‌రూమ్‌లో సారు నాతో రెండు వారాలు మాట్లాడలేదు. ప్రశాంతంగా అన్నం తిన్నాను.

మొదటి నెల తీసినవాటిలో సగం అలికినట్టు వచ్చాయి. నిమ్మకాయల మార్కెట్లో గోతాం మీద కూర్చుని వక్కాకు నములుతున్న ఒక ముసలామె ఫోటో మాత్రం కుదిరింది. ఆమెకి చూపించాను. "నా పళ్లు ఇంత ఎర్రగా ఉండాయా?" అని ఆశ్చర్యపోయి, నోరు పుక్కిలించుకొచ్చి మళ్లీ ఫోటోకి కూర్చుంది.