ముసలోడు లేని పరలోకం: నారాయణఖేడ్ దగ్గర ఒక ఈస్టర్

మా బడిలో నాతోపాటు పాఠాలు చెప్పే ఎస్తేరు దేనికైనా నవ్వేసే మనిషి. అలాంటిది 2010 ఈస్టర్‌కు వారం ముందు, టిఫిన్ డబ్బా మూత కూడా తీయకుండా కూర్చుంది. తనను పెంచి పెద్దచేసిన నాయనమ్మ ఇంతవరకూ బాప్తిస్మం తీసుకోలేదట. కొడుకులు, కోడళ్లు, మనవలు అందరూ చర్చి వాళ్లే. ఆమె కూడా చివర కూర్చుని పాటలన్నీ పాడుతుంది కానీ తలమీద నీళ్లు మాత్రం పోయనివ్వదు. "ఎనభై దాటినయ్. రక్షణ లేకుంట పోతే ఎట్ల? పరలోకంల ఆమె లేకుంట నేనేం జెయ్యాలె?" అంది ఎస్తేరు. నాకు నరకమంటే చిన్నప్పుడు మా అమ్మ బెదిరించిన సలసల కాగే నూనె మూకుడే తప్ప ఇంకేమీ తెలియదు. అయినా పండక్కి తోడు రమ్మంటే కాదనలేకపోయాను. బగారన్నం ఉంటుందన్న మాట కూడా కొంత పనిచేసింది, దాచుకోవడమెందుకు!

శనివారం పొద్దున ఎనిమిదిన్నరకు ఇమ్లీబన్ బస్టాండులో నారాయణఖేడ్ బస్సెక్కాం. టికెట్టు డెబ్బై చిల్లర. సంగారెడ్డి, జోగిపేట మీదుగా నాలుగు గంటలకు కాస్త తక్కువ పట్టింది. ఏప్రిల్ ఎండకు కిటికీ పక్క సీటు కోసం ఎవరూ పోటీ పడలేదు. బస్టాండు బయటే కంగ్టి వైపు వెళ్లే షేర్ ఆటోలు ఉంటాయి, మనిషికి పదిహేను రూపాయలు. మా డ్రైవర్ ఖాజా భాయ్ ఎస్తేరును చూడగానే అందుకున్నాడు.

"ఏంది ఎస్తేరమ్మా, అవ్వ గీసారన్న తల వంచుతదా?"

"ప్రార్థన చేస్తున్నం భాయ్."

"ముగ్గురు అయ్యగార్లు మారిన్రు గని అవ్వ మారలే. మాకు సుత జన్నత్ అని స్వర్గం, జహన్నం అని నరకం ఉన్నయ్. గని మా ఇంట్ల గింత లొల్లి లేదు!"

ఆటోలో ఉన్న అందరూ నవ్వారు. అవ్వ సంగతి ఆ దారి పొడవునా తెలిసిందేనని నాకప్పుడు అర్థమైంది.

మేం వెళ్లేసరికి అవ్వ వాకిట్లో సున్నం కలుపుతోంది. ఈస్టర్‌కు ముందురోజు ఇక్కడ సమాధులన్నిటికీ సున్నం వేస్తారు. తెల్లవారుజామున కొవ్వొత్తులు వెలిగించి, అక్కడే ప్రార్థన చేసి, తర్వాత చర్చికి వెళతారు. సాయంత్రం పాస్టరు వచ్చాడు. గుంటూరు వైపు కుర్రవాడు, పాస్టరుగా ఇదే మొదటి ఊరు. ఎస్తేరు నాన్న అతనికి కుర్చీ వేసి, "మా అమ్మ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అయ్యగారూ, మీరే ఏమన్న చెప్పుర్రి" అని తప్పుకున్నాడు. ఇంతకుముందు వచ్చిన ముగ్గురు పాస్టర్లనూ అడిగిందే అవ్వ ఇతన్నీ అడిగింది.

"మా ముసలోడు బోరంచ అమ్మోరి జాతరల డప్పు కొట్టెటోడు. సచ్చేదాంక చర్చి మెట్టెక్కలే. ఇప్పుడు యాడున్నడు?"

వెనకటి వాళ్లు ముగ్గురూ తడుముకోకుండా నరకమనే చెప్పారట. "గట్లయితే ఆయన మంటల్ల కూసుంటడు, నేను పైన సల్లగ కూసుంటనా? గసుంటి సల్లదనం నాకొద్దు" అని వాళ్లను పంపేసిందట. ఇతనేమంటాడో వినడానికి ఎస్తేరు కుర్చీ దగ్గరికి జరిగింది. నేనూ జరిగాను.

పాస్టరు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "నమ్మినవాళ్లకే రక్షణ అని నాకు నేర్పారమ్మా. నేనూ అదే నమ్ముతాను. కానీ చివరి ఊపిరప్పుడు మీ ఆయనకీ దేవుడికీ మధ్య ఏం జరిగిందో నాకు తెలియదు. తీర్పు చెప్పేది నేను కాదు."

అవ్వ అతనికి టీ ఇమ్మని కోడలితో చెప్పి లోపలికి వెళ్లి పడుకుంది. ఎస్తేరుకు ఆ రాత్రి నిద్ర లేదు. పక్కనే పడుకున్న పాపానికి నాకూ లేదు.

తెల్లవారుజామున సమాధుల దగ్గర ఊరు ఊరంతా ఉంది. సున్నం వాసన, బంతిపూలు, ఎక్కడ చూసినా దీపాలు. తాత మట్టిదిబ్బ మాత్రం ప్రహరీ బయట ఉంది. బాప్తిస్మం లేనివాళ్లకు లోపల చోటు లేదట. అవ్వ ఒక్కతే అక్కడ కొవ్వొత్తి పెట్టి కూర్చుంది. లోపల ప్రార్థన ముగించిన పాస్టరు గేటు దాటి వచ్చి, ఆమె పక్కన నిలబడి పునరుత్థానం పాట మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. అవ్వ కాస్త జరిగి అతనికి చోటిచ్చింది. పాటయ్యాక మోకాళ్లు పట్టుకుని లేచి, "ఇగ పా చర్చికి, నీళ్లు పోస్తువు" అని పాస్టరుతో అంది. ఎస్తేరు నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు చిట్లింది.

చర్చిలో ఇంకో చిక్కు వచ్చింది. బాప్తిస్మంతో పాటు కొత్త పేరు పెట్టడం అక్కడి ఆనవాయితీ. ఇంట్లోవాళ్లు రూతమ్మ అనుకున్నారు. పాస్టరు గిన్నె పట్టుకుని ఏం పేరని అడిగితే అవ్వ గట్టిగా "పోచమ్మ" అంది. చర్చి పెద్ద ఒకాయన లేచి, "గది గ్రామదేవత పేరు, ఎట్ల కుదుర్తది?" అన్నాడు. బయట పొయ్యి దగ్గర నుంచి ఎస్తేరు చిన్నమ్మ కేక: "జల్ది తేల్చుర్రి, బగార సల్లారుతుంది!"

అవ్వ పెద్దాయన వైపు తిరగను కూడా లేదు. "మా ముసలోడు పైన ఉన్నడో లేడో ఈ అయ్యగారికే తెల్వదంట. ఉంటే? ఆడ నన్ను రూతమ్మా అని పిలుస్తుంటే నేనే అని ఆయనకు ఎట్ల తెలుస్తది? గా పేరుతోటే పిలిచిండు నన్ను, పెండ్లయినకాడి నుంచి."

పాస్టరు ఒక్క క్షణం కళ్లు మూసుకుని, చేత్తో నీళ్లు తీసుకుని, "పోచమ్మా" అని పిలిచాడు. అవ్వ తల వంచింది. ఎస్తేరు వెక్కి వెక్కి ఏడ్చింది, నాకూ కళ్లు నిండాయి. బగారన్నం, మటన్ కూర రెండుసార్లు వడ్డించుకున్నాను.

పరలోకం గురించి నాకిప్పటికీ పెద్దగా తెలియదు. కానీ అక్కడికి వెళ్లేవాళ్లు బయట మిగిలిపోయినవాళ్లను ఇంతగా తలుచుకుంటారని నేను అనుకోలేదు. ఆ చర్చిలో రక్షణ అన్న మాట విన్నప్పుడు మొదటిసారి అది నాకు భయపెట్టే మాటగా అనిపించలేదు.

మీరూ ఈస్టర్‌కు అటు వెళ్లాలనుకుంటే శనివారమే చేరుకోండి, తెల్లవారుజామున ఆటోలు దొరకవు. తిరుగు ప్రయాణానికి మాత్రం ఖాజా భాయ్ ఇంటిముందుకే వచ్చాడు. ఎక్కబోతూ ఉండబట్టలేక అవ్వను అడిగాను, "ఒకవేళ తాత అక్కడ లేకపోతే?"

"లేకుంటే దేవునితోటే కొట్లాడుత," అంది అవ్వ. "పాస్టర్లతోటి కొట్లాడి కొట్లాడి అలవాటైంది బిడ్డా."