బాపు నెయ్యని చీర

నార్కట్‌పల్లిల నేను పనిజేసే బట్టల దుకాణానికి ఇయ్యాల ఒక పెద్దమ్మ వచ్చింది. మా సేటు మిషన్ మీద నేసిన చీర ఒకటి ఆమె ముందట పరిచి, "చేనేత చీరమ్మా. గీ పిల్ల వాళ్ల బాపే నేసిండు" అన్నడు. మా బాపు మగ్గం నేసే మాట నిజమే. గా చీర మాత్రం ఆయనది కాదు.

"నిజమేనా బిడ్డా?" అని ఆమె నన్నే అడిగింది. సేటు నా మొఖమే చూస్తున్నడు.

"మా బాపు మంచిగ నేస్తడమ్మా" అన్న.

ఆమె చీర కొని, "మీ బాపు చేతులు సల్లగుండ" అని దీవించి పోయింది. సేటు ఖుషయ్యి నాకు చాయ్ తెప్పిచ్చిండు. వద్దనలేక తాగిన.

ఇంటికొస్తే బాపు మగ్గం కాడనే ఉన్నడు. "గిరాకీ ఎట్లున్నది బిడ్డా?" అన్నడు. మంచిగనే ఉన్నదన్న.

ఇది చదివి, సేటుతోని ఎట్ల మాట్లాడాలెనో మీరు చెప్తరు గని, ఆ దీవెన బాపుకు ఎట్ల చెప్పాలె?