మా మేడ మీద కోవెలంక వారు

మా చిన్నప్పుడు... మిట్టమధ్యాహ్నం చింతాద్రిపేటలోని మా ఇంట్లో అందరూ కునుకు తీసే వేళ, మేడ మీద నుంచి ఒక గొంతు గట్టిగా వినిపించేది. "కోవలెంకో దనీలో!" ఒక్క క్షణం ఆగి, అదే గొంతు తనకు తానే జవాబు చెప్పుకునేది... "యే!"

ఆయన మా మేడ గదిలో అద్దెకున్న తెల్లాయన. ఉక్రెయిన్ మనిషి. ఎప్పుడో వయసులో ఊరు వదిలి ఓడల్లో ఇంజను పనికి చేరి, జబ్బుచేసి మద్రాసు హార్బర్లో దిగిపోయాడట. మళ్ళీ ఏ ఓడా ఎక్కలేదు. కుట్టుమిషన్లు బాగుచేసుకుంటూ, వచ్చీరాని అరవంతో నెట్టుకొచ్చేవాడు. నేను పుట్టకముందు నుంచే ఆ గదిలో ఉన్నాడు.

గదికి వచ్చిన రోజున మా జేజి, అంటే మా నాయన తల్లి, పేరేమిటని అడిగిందట. మామూలుగా తెల్లవాళ్ళు సొంత పేరు ముందు చెప్పి ఇంటిపేరు వెనక చెబుతారు కదా... ఈయన మనలాగే ఇంటిపేరు ముందు చెప్పాడు. చిన్నప్పుడు బడిలో హాజరు అలాగే పిలిచేవారట, పిలవగానే 'యే' అనాలట, అంటే 'ఉన్నాను' అని. మా జేజికి అంతకంటే ఏం కావాలి!

"కోవెలంక వారా! మీది లంకలో కోవెల ఉండే ఊరా సామీ? గోదారి ఆడనా?"

అంతే... ఆ రోజు నుంచి ఆయన మా ఇంటిల్లిపాదికీ కోవెలంక వారే. నాయన ఎన్నిసార్లు దిద్దినా జేజి వినలేదు. ఆవిడ ఒక మాట పట్టుకుందంటే వదిలించడం బ్రహ్మతరం కూడా కాదు.

ఆ పేరుకు అసలర్థం ఒకసారి ఆయనే చెప్పాడు. 'కోవల్' అంటే వాళ్ళ భాషలో కమ్మరి. చివరనున్న 'ఎంకో' అంటే కొడుకు. కమ్మరి కొడుకన్నమాట. ఊరికో కమ్మరి ఉంటాడు కాబట్టి, వాళ్ళ దేశంలో ఊరూరా ఆ పేరు ఉండేదట. నాయన అది తెలుగులో చెబితే జేజి పకపకా నవ్వింది. "అట్లయితే కొలిమి వారనుకో. ఏదైతేనేం, ఇంటిపేరుండే మనిషి!"

ఆయన మాత్రం నవ్వలేదు. వాళ్ళ ఊరు సగం కరువులో, సగం యుద్ధంలో పోయిందట. అన్నదమ్ములు లేరు. ఉన్న ఒక్క కొడుకూ ఏమయ్యాడో తెలియదు. ఆ పేరు వాళ్ళందరూ పోయే ఉంటారు, ఇక ఈ పేరు నాతో సరి అన్నాడు. రోజూ మధ్యాహ్నం ఎందుకలా అరుస్తారని నేనడిగితే, "కూప్పిడ ఆళ్ ఇల్లే పాపా..." అన్నాడు. పిలిచే మనిషి లేడు, అందుకే నేనే పిలుచుకుంటున్నా అని.

ఒక ఎండాకాలం ఆయన పోయాడు. నాయనా, వీధిలో వాళ్ళూ కలిసి క్రైస్తవుల సమాధుల తోటలో పూడ్చిపెట్టి వచ్చారు. గదికి తాళం వేశాం.

ఆ తర్వాత... చెబితే నమ్ముతారో లేదో.

ఒక మధ్యాహ్నం జేజి బియ్యం చెరుగుతోంది. నేను పక్కనే కూర్చున్నాను. పైనుంచి పిలుపు వచ్చింది. "కోవలెంకో దనీలో!" జేజి చేతిలో చేట ఆగిపోయింది. ఇద్దరం జవాబు కోసం చెవులు రిక్కించాం. రాలేదు... పిలుపు ఒక్కటే.

మర్నాడూ అంతే. అమ్మ అది ఎదురింటి రేడియో అని కొట్టిపారేసింది. నేను మాత్రం భయంతో మేడమెట్ల వైపు చూడటమే మానేశాను. జేజికి భయం లేదు, జాలి. "పిలస్తా ఉండాడు గానీ పలికేదానికి ఆడ మనిషి లేడే..." అని కళ్ళనీళ్ళు పెట్టుకునేది.

మహాలయ అమావాస్య వచ్చింది. నాయన మా తాతకు తర్పణం వదులుతుంటే, కోవెలంక వారికి కూడా నీళ్ళు వదలొచ్చా అని జేజి పురోహితుణ్ణి అడిగింది. స్నేహితులకు వదలొచ్చు, గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం అని చెప్పుకోవచ్చు అన్నాడాయన. పేరు మాత్రం సరిగ్గా చెప్పమన్నాడు.

"కోవెలంక..." అని మొదలుపెట్టింది జేజి.

నాయనకు కోపం వచ్చింది. "అమ్మా, ఆ పేరుతో వదిలితే నీళ్ళు ఎవరికి పోతాయి? అట్టాంటి మనిషే లేడే ఈడ!"

జేజి మొహం పాలిపోయింది. అన్నేళ్ళూ తను ముద్దుగా పిలిచిన పేరు ఆయనది కానే కాదని అప్పుడే తట్టినట్టుంది. "నాకు నోరు తిరగదురా... నువ్వే సరిగా పిలువు" అంది.

నాయన నువ్వులూ నీళ్ళూ చేతిలోకి తీసుకుని, "కాశ్యప గోత్రం... కోవలెంకో దనీలో" అన్నాడు.

పైనుంచి మెల్లగా వినిపించింది... "యే."

పురోహితుడు తలెత్తలేదు. నాయన నీళ్ళు పళ్ళెంలోకి వదిలాడు. జేజి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు తర్వాత మా మేడ మీద ఏ గొంతూ వినిపించలేదు.

నాయన బతికున్నంత కాలం ఏటా ఆ పేరు పిలిచాడు. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. ఇల్లు పోయి ఫ్లాట్లు లేచాయి.

మొన్న, ఏ ఇంటిపేరు వాళ్ళు ప్రపంచంలో ఎక్కడెక్కడ ఉన్నారో మ్యాపులో చూపించే సైటు ఒకటి కనబడింది. కోవలెంకో అని కొట్టాను. ఉక్రెయిన్ అంతా ముదురు రంగు... రష్యా, కజకిస్తాన్, జర్మనీ, కెనడా... ఎక్కడ చూసినా కోవలెంకోలే! నీతో సరి అనుకున్నావే పిచ్చి మనిషీ, అని నాలో నేనే అనుకుంటే ఏడుపొచ్చింది.

ఆ తర్వాత మా ఇంటిపేరు కొట్టాను. మ్యాపంతా తెల్లగా ఉంది. మద్రాసులో స్థిరపడ్డ మావాళ్ళందరూ ఏనాడో తండ్రి పేరులోని మొదటి అక్షరంతో సరిపెట్టేసుకున్నారు. మా తమ్ముడి కొడుక్కి ఫోన్ చేసి మన ఇంటిపేరేంట్రా అంటే, "ఇనిషియల్ దానే అత్తా? కె" అన్నాడు అరవం కలిపి, ఇనిషియలే కదా అని. వాడి తప్పేముంది, వాడికి ఎవరూ చెప్పలేదు.

మీ పిల్లలకు మీ ఇంటిపేరు తెలుసా? తెలియకపోతే ఈరోజే చెప్పండి... ఇక్కడ కింద కూడా రాయండి, ఒక్కొక్కటీ పైకే చదువుతాను.

మాది దొరువుపాటి వారు... ఎవరైనా ఉన్నారా?