రేకు మీది బండముక్కలు

ఈ రోజు మధ్యాహ్నం ఆళ్లగడ్డలో ఒక రేకుల షెడ్డు కింద బజ్జీలు తింటున్నాను. మాడిపోయే ఎండలో ఉన్నట్టుండి మెడకు చల్లటి గాలి తగిలింది. హాయిగా ఉందనుకున్నాను. బజ్జీలు వేసే ఓబులమ్మ మాత్రం బాణలి దించేసి, పొయ్యిలో నీళ్లు కుమ్మరించి, ఎదురుగా ఉన్న మిద్దెలోకి పరుగెత్తింది.

"ఏందప్పా ఆడనే కూచున్నావ్? పెద్ద గాలి వస్తాంది, బేగా రా!"

"పైన రేకుంది కదమ్మా."

"రేకు లేచిపోకుండా దాని మింద రాళ్లు పెట్టినా. అది లేస్తే అవన్నీ నీ నెత్తినే!"

నేను మిద్దెలోకి చేరానో లేదో, దుమ్ముతో వీధి కనబడలేదు. రేకు ఒక పక్క లేచింది. రెండు బేతంచెర్ల బండముక్కలు జారి, నేను కూర్చున్న స్టూలు మీద పడ్డాయి.

"గాలి వస్తుందని ఎట్లా తెలిసిందమ్మా?" అని అడిగాను.

"ఇంత ఎండలో చల్లగా తగిల్తే ఇంకేం వస్తాది? నీకు తగల్లేదా?"

తగిలింది. నేను కళ్లు మూసుకుని ఆనందించాను.

సాయంత్రం నంద్యాలలో ఇంటికి రాగానే మా స్కూటరు షెడ్డు పైకెక్కి చూశాను. ఏడు బండముక్కలున్నాయి. గాలికి భద్రంగా ఉంటుందని పోయిన ఏడాది పెట్టింది నేనే.

మీ రేకు మీద ఎన్నున్నాయి? కింద ఎవరు కూర్చుంటారు?