ఒంటిగంట లోపు రేవు దీపం

ఇరవయ్యేడు వేసవులుగా మా మార్సెలీన్ అత్త రేవు పక్కన చేపలు కోసే షెడ్డులో పనిచేస్తోంది. చలికాలమంతా జున్ను ఫ్యాక్టరీ, సరస్సు మీద మంచు కరిగాక మళ్లీ షెడ్డు. పడవలు తెచ్చిన సాల్మన్ చేపలు వరసగా బల్ల మీదికి వస్తాయి. ఒక్కోదానికి నిమిషంన్నర పడుతుంది అత్తకి. తల తీసి, పొట్ట చీల్చి, రెండు పక్కల కండా ఊడదీసి, నీళ్ల పైపు కింద ఒకసారి తిప్పి సంచిలో వేస్తుంది. కానీ పొట్టలో ఏముందో వేలితో విడదీసి చూడకుండా ఏ చేపనీ వదలదు. ఏం తిన్నదో చూస్తే ఎక్కడ తిరిగిందో తెలుస్తుందంటుంది. ఆ మాట ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. మా ఊళ్లో చేపలు పట్టేవాళ్ల మాటకున్న విలువ కోసేవాళ్ల మాటకి లేదు.

పట్టేవాడు మా నాన్న క్లెమ్. మిషిగన్ సరస్సు పడమటి గట్టున మాది చిన్న రేవు. మా నాన్నమ్మ పేరు పెట్టుకున్న ఇరవయ్యెనిమిది అడుగుల పాత పడవ ‘ఒడీల్’ని ముప్పయ్యేళ్లు నాన్నే నడిపాడు. కిందటి మార్చిలో కంటి డాక్టరు కారూ వద్దు, పడవా వద్దన్నాడు. నాన్న రెండు కళ్లలోనూ సరిగ్గా మధ్యలో మచ్చ ఏర్పడింది. దేన్ని చూస్తే అది మాయమై, దాని చుట్టూ ఉన్నది మాత్రం కనిపిస్తుంది. నెల తిరక్కుండానే నాన్న స్టర్జియన్ బే ఊరాయన ఒకరితో పడవ అమ్మకం మాట్లాడుకున్నాడు.

ఆ సంగతి తెలిసిన సాయంత్రం అత్త రబ్బరు బూట్లు కూడా విప్పకుండా మా వంటింట్లోకి వచ్చింది.

“పడవ నాకివ్వు అన్నయ్యా.”

“నీకా? నువ్వెప్పుడు నడిపావే?”

“ముప్పయ్యేళ్లు నీ వెనకాల వల పట్టుకు నించున్నది ఎవరు?”

“వల పట్టుకోవడం వేరు, నడపడం వేరు.”

“అయితే చూద్దువుగాని. ఆగస్టు చేపల పోటీలో నేను నడుపుతాను. నువ్వూ రా.”

నాన్న అత్త వైపు మొహం కాస్త పక్కగా తిప్పాడు. “అరవై పడవలొస్తాయి. మొదటి పదిలో నిలబెట్టావంటే తాళంచెవి నీది. లేదంటే ఆ సోమవారమే అతనొచ్చి పడవ తీసుకుపోతాడు. అప్పుడు ఏడవకూడదు.”

“నేనెప్పుడు ఏడ్చాను?”

“పన్నెండేళ్లప్పుడు. నా గాలం నీ చెవికి గుచ్చుకున్నప్పుడు.”

“అప్పుడు ఏడ్చింది నువ్వు,” అని అత్త బూట్ల మట్టి నేల మీద వదిలి వెళ్లిపోయింది.

పోటీ నియమాలు ఎప్పటివే. పొద్దున అయిదింటికి మొదలు. ఎన్ని పట్టినా అయిదు చేపల బరువే చూస్తారు. ఒంటిగంట లోపు రేవు గోడ చివరనున్న దీపస్తంభం దాటి లోపలికి రావాలి. ఒక్క నిమిషం ఆలస్యమైనా పెట్టెలో చేపలు లెక్కలోకి రావు.

మా పడవ మీద ఇంకో నియమం కూడా ఉంది, అది నాన్నమ్మ పెట్టింది. గాలపు కర్ర వంగినప్పుడు వంతు ఎవరిదైతే వాళ్లే చేపని లాగాలి. బలమున్నవాళ్లనీ, అలవాటున్నవాళ్లనీ ముందుకి తొయ్యడం లేదు. మిగతా పడవలవాళ్లు ఈ పద్ధతి చూసి నవ్వుతారు. ముఖ్యంగా గోర్డీ మస్సార్ట్. ఆయన పడవ మీద అయిదుగురు ఎడ్లలాంటి కొడుకులు.

మేము నలుగురం. అత్త, నాన్న, అత్త చిన్ననాటి స్నేహితురాలు అయోన్, నేను. అయోన్ స్కూలు బస్సు నడుపుతుంది. సరస్సు మీద కూడా గొంతు తగ్గించదు. ఏ చేప ఎన్నింటికి, ఎంత లోతులో పడిందో పుస్తకంలో రాయడం నా పని. టైము చెప్పడం నాన్న పని. నలుగురు చెబితే నాలుగు టైములవుతాయని మా ఇంట్లో ఎప్పుడూ ఒక్కరే చెబుతారు. మిగతా ఫోన్లు తడవకుండా బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత వేస్తాం. పడవ గడియారం పనిచెయ్యడం మానేసి చాలా ఏళ్లయింది.

పోటీకి రెండు రోజుల ముందు అత్త షెడ్డు నుంచి వస్తూనే చెప్పింది. రేవు గోడ దగ్గర పిల్లలతో సరదాగా తిరిగిన చిన్న పడవ ఒకటి రెండు పెద్ద సాల్మన్‌లు తెచ్చిందట. పొట్టల నిండా ఎల్‌వైఫ్‌లు, అంటే సాల్మన్‌లు తినే వేలెడంత వెండి చేపలు, ఇంకా అరగనైనా లేదట. వాటితో పాటు ఇసుక కూడా ఉందట.

“ఒడ్డు పక్కనే అడుగున మేస్తున్నాయి అన్నయ్యా. ముప్పై నలభై అడుగుల నీళ్లలో.”

“చేప పొట్ట నిన్న ఎక్కడ తిన్నదో చెబుతుంది. రేపెక్కడ తింటుందో చెప్పదు,” అన్నాడు నాన్న. “ఆగస్టులో పెద్దవి లోతులోనే ఉంటాయి. ఇరవై మైళ్లు లోపలికి పో.”

అత్త నాన్న మాటే విన్నది. ముప్పయ్యేళ్ల అనుభవం ముందు రెండు చేపల పొట్టలు తక్కువనిపించి ఉంటాయి.

పొద్దున చీకటితోనే బయల్దేరి లోతుకి చేరాం. అయిదింటికి గాలాలు నీళ్లలో పడ్డాయి. తీగలకి కట్టిన సీసపు గుండ్లు వాటిని లోపలికి దించాయి. మొదటి చేప అయోన్ వంతుకి పడింది. పన్నెండు పౌన్లు.

“బస్సులో చివరి సీటు పిల్లల్ని లాగినంత తేలిగ్గా వచ్చింది,” అంది అయోన్, చేతులు పాంటుకి తుడుచుకుంటూ. గసగసాలు పెట్టిన కొలాచీ బన్నులు అందరికీ తలా ఒకటి ఇచ్చింది.

తర్వాత నా వంతు, అత్త వంతు, నాన్న వంతు వచ్చి వెళ్లాయి. మళ్లీ అయోన్, నేను, అత్త. ఏడు చేపలు పడ్డాయి కానీ మూడు మరీ చిన్నవి, నీళ్లలో వదిలేశాం. పెట్టెలో ఉన్న నాలుగూ పదికీ పన్నెండుకీ మధ్యవి. ఏడోది పడగానే అత్త లెక్క కట్టుకుంది. వీటితో ఇరవయ్యో స్థానం దగ్గర ఉంటాం. పెద్దదొకటి పడాలి.

“పన్నెండూ పది,” అన్నాడు నాన్న, ఫోను చెవి పక్కగా పెట్టి, కంటి కొసతో చూస్తూ. “ఎత్తండి. ఇంకో అయిదు నిమిషాలు ఆగితే దీపం దాటలేం.”

నేను పుస్తకంలో రాశాను. పై వరసలో చివరి చేప పది నలభై అని ఉంది. మధ్యలో గంటన్నర గడిచినట్టు లేదు. నా కప్పులో కాఫీ ఇంకా వెచ్చగానే ఉంది. ఎక్కడో తేడా ఉందనిపించింది, కానీ టైము చెప్పే పని నాన్నది.

అత్త పళ్లు బిగించి గుండ్లు పైకి తీసింది. చుక్కాని పడమటికి తిప్పి ఇంజన్ పూర్తి వేగానికి పెంచింది. దారిలో అయోన్ అడిగింది, “మార్సీ, సోమవారం ఆయన ఎన్నింటికొస్తాడు?”

“ఇంకా శనివారమే,” అంది అత్త.

ఒడ్డు గీతలా కనిపిస్తుండగా రేడియోలో పోటీ నడిపేవాళ్ల గొంతు వినబడింది. “అన్ని పడవలకీ. ఇప్పుడు టైము పదకొండు నలభై అయిదు. ఇంకా గంటంబావు ఉంది.”

అత్త ఇంజన్ తగ్గించింది. నాన్న ఫోను పక్కకి తిప్పి చూశాడు. నేనూ వంగి చూశాను. పన్నెండు నలభై అయిదు అని ఉన్నది మా కళ్ల ముందే పదకొండు నలభై అయిదు అయింది.

మా గట్టున పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది. అవతలి ఒడ్డున మిషిగన్‌వాళ్ల టైము మాకంటే గంట ముందు. లోపలికి బాగా పోతే ఫోన్లు అవతలి ఒడ్డు టవర్ సిగ్నల్ అందుకుని వాళ్ల టైము చూపిస్తాయి. అందుకని మా ఊళ్లో ఎవరైనా ఫోను కొంటే ముందు చేసే పని టైము మారకుండా బిగించడం. నాన్న పుట్టినరోజుకి ఆ కొత్త ఫోను కొన్నది నేను. అక్షరాలు పెద్దవి చేశాను, బొమ్మలు పెట్టాను. టైము సంగతి మర్చిపోయాను.

“నాన్నా, నేను...” అన్నాను.

“నువ్వు కాదు అమ్మడూ. చూడాల్సింది నేను,” అన్నాడు నాన్న. మొహం ఎర్రబడింది. “మార్సీ, తిప్పు. వెనక్కి పోదాం. అరగంటైనా దొరుకుతుంది.”

“పోను అరగంట, రాను ముప్పావుగంట. మధ్యలో గుండ్లు దించడానికి కూడా టైముండదు.” అత్త ఒడ్డు వైపే చూస్తోంది. “ఇప్పుడు నేను చెప్పినచోటికి పోదాం.”

“మిట్టమధ్యాహ్నం ఒడ్డు పక్కనా? ఇంత ఎండలో?”

“అక్కడ ఇసుక ఉంది అన్నయ్యా. నా వేళ్లకి తగిలింది.”

అత్త నా వైపు తిరిగి, డబ్బాలోంచి నా ఫోను తీసి టైము నన్ను చెప్పమంది.

పన్నెండూ అయిదుకి రేవు గోడకి దక్షిణాన, ముప్పై ఎనిమిది అడుగుల నీళ్లలో గాలాలు దించాం. గుండ్లకీ సరస్సు అడుగుకీ మధ్య రెండే రెండు అడుగులు ఉంచింది అత్త. ఒడ్డున పిల్లలు ఈత కొడుతున్న కేకలు వినిపిస్తున్నాయి. రేవులోకి పోతున్న గోర్డీ పడవ మాకు కాస్త దూరంలో నెమ్మదించింది. రేడియో గరగరలాడింది.

“మార్సీ, స్నానానికొచ్చారా? సబ్బు కావాలా?”

అయోన్ రేడియో అందుకుంది. “మాకొద్దు గోర్డీ. నీ వాసన ఇక్కడిదాకా వస్తోంది, నువ్వే ఉంచుకో.”

పన్నెండున్నర అయింది. ఏమీ లేదు. అత్త పడవని ఇసుక దిబ్బ అంచు వెంబడి వంకరగా నడుపుతోంది. పన్నెండు ముప్పై ఎనిమిదికి ఎడమ పక్క కర్ర ఒక్కసారిగా నీళ్లలోకి వంగింది. రీలు అరవడం మొదలుపెట్టింది.

వంతు నాన్నది.

నాన్న కదల్లేదు. “పిల్లకివ్వు. నాకు తీగ కనిపించదు.”

“వంతు నీది.”

“మార్సీ, ఇది పడవ సంగతి. పోగొడతాను.”

“నాకు తెలుసు ఏ సంగతో. పట్టుకో.” అత్త చుక్కాని అయోన్‌కి అప్పగించి వల తీసుకుంది. “అయోన్, నెమ్మదిగా. స్కూలు ముందు నడిపినట్టు.”

నాన్న కర్రని పొట్టకి ఆనించుకుని కాళ్లు దూరంగా పెట్టాడు. చేప ఒక్క పరుగున వంద గజాల తీగ లాక్కుపోయింది. మిగతా గాలాలు నేను గబగబా చుట్టేశాను. అత్త నాన్న భుజం పక్కన నిలబడి చెబుతూ ఉంది.

“కుడికి పోతోంది. పోనీ. ఆగింది, ఇప్పుడు తిప్పు. తిప్పు. ఎడమకి. కర్ర ఎత్తు.”

“ఎంతుంది?”

“చూశాక చెబుతా. మాట్లాడకు.”

“పన్నెండు నలభై ఆరు,” అన్నాను.

చేప పడవ వెనక పైకి తేలి, మమ్మల్ని చూసి మళ్లీ కిందికి పోయింది. దాని వీపు నా తొడంత ఉంది. చెమట కళ్లలోకి కారుతున్నా నాన్న తుడుచుకోలేదు. ఆ కళ్లతో పనిలేదన్నట్టు గట్టిగా మూసుకున్నాడు. అత్త గొంతు ఎటంటే అటు తిరుగుతున్నాడు.

“యాభై ఒకటి.”

“రెండడుగులు వెనక్కి జరుగు అన్నయ్యా. ఇంకొకటి. అలాగే ఉండు.”

వల నీళ్లలో మునిగింది. అత్త మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో లాగి, చేపతో పాటు వెల్లకిలా పడింది.

“అయోన్, పద,” అంది పడుకునే.

దీపస్తంభం దాటేటప్పటికి నా ఫోనులో పన్నెండు యాభై ఎనిమిది.

ఆ చేప ఇరవై మూడు పౌన్ల పైచిలుకు తూగింది. ఒడ్డున గుడారం కింద పెద్ద గంగాళంలో కోడి, కూరలు కలిపి ఉడికించిన బూయా గిన్నెల్లో పోస్తుంటే, అందరం బోర్డు మీద పేర్లు రాయడం కోసం నిలబడి చూశాం. అరవై ఒక్క పడవల్లో ఒడీల్ పదకొండో స్థానం. పదో స్థానం గోర్డీది. తేడా ముప్పావు పౌను.

గోర్డీ గిన్నె పట్టుకుని అత్త దగ్గరికి వచ్చాడు. “ఒడ్డున పట్టావట?”

“అవును.”

“ఎలా తెలిసింది?”

“కోసేవాళ్లని అడిగితే చెబుతారు,” అంది అత్త.

సోమవారం పొద్దున అత్త మా ఇంటికి వచ్చి తాళంచెవి బల్ల మీద పెట్టింది. నాన్నకి కనబడేలా కాస్త పక్కగా జరిపింది.

“పది అన్నావు. పదకొండు వచ్చింది.”

“గంట పోగొట్టింది నేను,” అన్నాడు నాన్న. “ఆ గంట ఉంటే ఇంకోటి పడేది. తీసుకోవే.”

“టైము చెప్పే పని నీకిచ్చింది నేను. నా చేతి మాట వదిలి నీ మాటకి లోతుకి పోయింది కూడా నేనే. పడవ మీద జరిగిందంతా నడిపినవాళ్లదే. ఇది నువ్వే నేర్పావు.”

“ఇస్తున్నాను కదా, ఇంకేం?”

“ఊరికే ఇస్తే వద్దు. సెప్టెంబరు మొదటి శనివారం ఇంకో పోటీ ఉంది. మాట అదే, పది లోపు. అప్పటిదాకా ఆయన్ని ఆగమను.”

“ఆగకపోతే?”

“ఇంకో పడవ చూసుకుంటాడు.”

నాన్న నవ్వాడో, దగ్గాడో తెలియలేదు. ఫోను పక్కకి పట్టుకుని నంబరు నొక్కాడు. “నేనండీ, క్లెమ్‌ని. ఇవాళ రాకండి,” అన్నాడు. అవతలి మాట కాసేపు విన్నాడు. “ఏం లేదండీ, పడవ ఖాళీ లేదు. మా కెప్టెన్ వాడుతోంది.”

అత్త అప్పటికే కుర్చీ ఎక్కి, వంటింటి గోడకున్న గుండ్రటి గడియారం దింపుతోంది. పడవ గదిలో బిగించడానికి జేబులో నాలుగు మరలు, మరలు తిప్పే పనిముట్టు తెచ్చుకుంది.

“అది తీసుకుపోతే మాకెలా?” అన్నాడు నాన్న.

“నీకు కొత్త ఫోనుందిగా,” అని గడియారం చంకలో పెట్టుకుని, తాళంచెవి తీసుకుని రేవు వైపు నడిచింది.