చెప్పులు జాగ్రత్త

మా అత్తగారు విశాఖపట్నంలో నమాజు చదవని చోటంటూ లేదు, ఒక్క మసీదు తప్ప.

జగదాంబ దగ్గర చీరల కొట్లో, బట్టలు మార్చుకునే గదిలో చదివారు. బయట ఎవరో కొత్త బ్లౌజు చేత్తో పట్టుకుని తలుపు కొడుతూనే ఉన్నారు. ఈవిడ నమాజు ముగించేదాకా గడియ తీయలేదు. పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయల బస్తాల వెనక చదివారు. మధురవాడలో మా అపార్టుమెంటు లిఫ్టు పాడైన రోజున కింద కార్ల మధ్య చదివారు. యారాడ వెళ్ళినప్పుడు ఒడ్డుకు లాగిన పడవ నీడలో మొదలుపెట్టారు. ఆ పడవ మనిషి పాపం వల భుజాన వేసుకుని అలాగే నిలబడి, ఆవిడ లేచాక, "మా గురించి కూడా ఓ మాటేసినావా అమ్మా?" అని అడిగాడు. "ఏసినాను బాబూ, సేపలు బాగా పడాలని" అన్నారు. నిజంగా వేశారో లేదో నాకు తెలియదు. ఆవిడకి అబద్ధాలు ఇట్టే వస్తాయి, మంచివే వస్తాయి.

మసీదులో ఎందుకు చదవలేదంటే, వద్దని ఎవరూ అనలేదు. మా మసీదులో ఎవరూ వద్దనరు. "సోటు నేదమ్మా" అంటారు, అంతే. వద్దంటే ఎందుకు వద్దని నిలదీయొచ్చు. చోటు లేదని మెత్తగా నవ్వేవాళ్ళని ఏమని నిలదీస్తాం? ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది.

పోర్టుకు దగ్గర్లో ఉన్న పాత మసీదు అది. మా మామగారు బతికున్నన్నాళ్ళూ అక్కడే చదివారు. ఊళ్ళోకి ఏ పనిమీద వచ్చినా నమాజు వేళకి కుటుంబమంతా అక్కడ ఆగాల్సిందే. మగవాళ్ళు మెట్ల దగ్గర చెప్పులు వదిలి, "సెప్పులు జాగ్రత్త" అని ఒక మాట మా మీద పడేసి లోపలికి పోయేవారు. మేం సంచులతో, పిల్లలతో, పోర్టు లారీల దుమ్ములో నిలబడి చెప్పులు కాసేవాళ్ళం. అత్తగారు కొత్త కోడలిగా మామగారి చెప్పులు కాశారు, ఆ తర్వాత కొడుకు చెప్పులు కూడా. ఎంత అలవాటంటే, మెట్ల మీద పడి ఉన్న వందల జతల్లోంచి మా ఇంటి చెప్పులు చూడకుండానే కాలితో జరిపి పక్కన పెట్టేవారు.

అలాంటిది, ఈమధ్య ఆవిడ మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి. ఆపరేషన్ తప్పదని డాక్టరు తేల్చాడు. మార్చిన మోకాళ్ళతో నేల మీద కూర్చోకూడదట, నమాజు కుర్చీలోనే చదువుకోవాలట. ఆవిడ ఎక్స్‌రే వైపు చూడనైనా చూడలేదు.

"అంటే నుదురు నేలకి ఆన్సకూడదా బాబూ?"

"ఆన్చకూడదమ్మా. తల వంచితే చాలు కదా."

చాలో చాలదో డాక్టరు చెప్పేదేమిటని ఆవిడ మొహంలోనే కనబడింది. కారెక్కాం. మా ఆయన నడుపుతున్నాడు. సబ్బవరం నుంచి వచ్చిన మా ఆడపడుచు, నేను వెనక సీట్లో ఉన్నాం. కాన్వెంట్ జంక్షన్ దగ్గర సిగ్నల్ పడినప్పుడు అత్తగారు అన్నారు: "మీ మావ అక్కడే సదివినారు. నాను మెట్ల కాడే ఉండిపోనాను. ఈ మోకాళ్ళు ఒంగతన్నప్పుడే ఒక్కసారి ఆ మసీదు నోపల నుదురు పెట్టాలని ఉంది."

"సదర్ సాబ్‌ని అడుగుతాను అమ్మీ" అన్నాడు మా ఆయన.

సదర్ సాబ్ అంటే మసీదు కమిటీ పెద్ద. మామగారి స్నేహితుడు, స్టీల్ ప్లాంటులో చేసి రిటైరైన మనిషి. చెడ్డవాడు కాదు. మా ఆయన నిజంగానే అడిగాడు. "సోటేదిరా బాబూ" అని ఆయన నవ్వాడట. మా ఆయన కూడా నవ్వేసి వచ్చాడు. మేడ మీద పెద్ద గది ఒకటి ఉంది కదా అని నేనడిగితే, అందులో బిర్యానీ డేగిసాలు, షామియానా గుంజలు ఉన్నాయని చెప్పాడు. డేగిసాలకి దొరికిన చోటు తన తల్లికి దొరకలేదన్న సంగతి ఆ మనిషికి తట్టలేదు. నేను తట్టించబోయాను గానీ అత్తగారు కళ్ళతో వారించారు.

ఆ తర్వాత రక్తపరీక్షలకి వెళ్తున్న రోజున, కారులో, ఏమీ ఎరగనట్టు అడిగారు. "ఒలే పిల్లా, నమాజులో ఉన్న మనిషి ముందు నుంచి ఎవులూ దాటకూడదు గదా?"

"దాటకూడదత్తమ్మా. పెద్ద తప్పు."

"మసీదు తలుపు తూరుపుకి. మనం సదివేది పడమటికి." ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ తనలో తాను లెక్క కట్టుకుంటున్నారు. "మెట్ల కాడ సదివితే మన మొకం తలుపుకేసే ఉంటాది."

మా ఆడపడుచు చున్నీ నోట్లో కుక్కుకుంది. ముందు సీట్లో మా ఆయన ఏమీ అర్థంకాక, "ఏటి నవ్వుతన్నారు?" అన్నాడు. "ఏటీ నేదు, రోడ్డు సూసుకో" అన్నారు అత్తగారు.

మసీదు దగ్గర ఆగాం. జొహర్ నమాజు, మధ్యాహ్నం వేళ. పోర్టులో పనిచేసేవాళ్ళు భోజనాల విరామంలో హెల్మెట్లు చంకన పెట్టుకుని వచ్చేశారు. మా ఆయన "సెప్పులు జాగ్రత్త" అని లోపలికెళ్ళాడు. అందరూ కలిసి చదివే జమాతు నమాజు ముగుస్తోందని లోపలి సలాం వినబడగానే, అత్తగారు మెట్ల కింద గచ్చు మీది చెప్పుల్ని కాలితో అటూ ఇటూ జరిపి, మనిషి పట్టేంత జాగా చేసి, తువ్వాలు పరిచి చేతులెత్తారు. పక్కన మా ఆడపడుచు. ఆ పక్కన నేను. ఆ ద్వారానికి ముగ్గురం చాలు, నిండిపోయింది.

ముందు ఒక కుర్రాడు బయటికొచ్చి, మమ్మల్ని చూసి టక్కున ఆగిపోయాడు. వాడి వెనక పదిమంది ఆగారు. ఆ వెనక వాళ్ళకి ముందేం జరుగుతోందో తెలియక నెట్టడం మొదలుపెట్టారు. పక్క తలుపు ఉంది గానీ దానికి ఎప్పుడూ తాళమే. అందరి చెప్పులూ మా వెనకే ఉన్నాయి, కనబడుతున్నాయి, అందడం లేదు. "దాటకండి, దాటకండి, ఆవిడ నమాజులో ఉన్నారు" అని లోపల్నుంచి ఇమామ్ సాబ్ గొంతు వినబడింది. ఆయన్ని నేను అప్పుడే అభిమానించడం మొదలుపెట్టాను.

అత్తగారు నిదానంగా చదివారు. ఎన్నడూ అంత నిదానంగా చదవలేదు. చివరికి సలాం చెప్పడానికి తల కుడికి తిప్పి, ఎడమకి తిప్పారు. మెట్ల మీద వాళ్ళంతా హమ్మయ్య అని ఒక కాలు ఎత్తారు. ఆవిడ మళ్ళీ చేతులెత్తి ఇంకో నమాజు కట్టారు. ఎత్తిన కాళ్ళన్నీ మళ్ళీ వెనక్కి పోయాయి. ఆవిడ ముగించేసరికి మా ఆడపడుచు సగంలో ఉంటుంది, ఆమె ముగించేసరికి నేను మొదలుపెడతాను. మేం ముందుగా ఏమీ అనుకోలేదు, అయినా ఎంత చక్కగా కుదిరిందో! ఇది నమాజా అల్లరా అని మీరడిగితే, రెండూ అని చెబుతాను. అల్లాకి మా సంగతి తెలియనిదా?

మెట్ల పైన మా ఆయన మొహం మాత్రం చూడాల్సిందే. తల్లి అని చెప్పుకోలేడు, ఎవరో అని తప్పించుకోలేడు.

ఆఖరికి సదర్ సాబ్ ముందుకొచ్చి, రెండు సలాంల మధ్య సందు చూసి గబగబా అందుకున్నాడు. "ఆపా, ఏటిది? డ్యూటీలకి టైమైపోతంది."

"నమాజే తమ్ముడూ. సోటు నేదన్నారట గదా. ఖాళీగా ఉన్నది ఈ సెప్పుల సోటే. ఇకనుంచి వచ్చినప్పుడల్లా ఇక్కడే సదువుకుంటాం, మీకే ఇబ్బందీ ఎట్టం."

"పైన గదుంది గానీ, డేగిసాలున్నాయి ఆపా."

"మరవి ఏపాటి సదువుతన్నాయేటి, నమాజు?"

మెట్ల మీద ఎవరో ఫక్కున నవ్వారు. ఆ తర్వాత అందరూ నవ్వారు. సదర్ సాబ్ కూడా నవ్వాడు, ఈసారి మెత్తగా కాదు. "డేగిసాలు దింపించీండి" అని ఇమామ్ సాబ్ తేల్చేశారు. ఒక్కసారి చూద్దాం, సందడి లేకుండా జరిగితే అలాగే ఉంచుదాం అని కమిటీ షరతు పెట్టింది.

ఆపరేషన్‌కి ముందురోజు గది సిద్ధమైంది. కింద ఇమామ్ సాబ్ మాట పైకి వినబడాలి కాబట్టి ఒక స్పీకరు డబ్బా బిగించారు. ఆవిడ మేడమెట్లు ఎక్కిన తీరు చెప్తే ఎవరూ నమ్మరు. ఒక్కో మెట్టు మీద కూర్చుని, వెనక్కి జరుగుతూ, ఎక్కేశారు. "రేపు కొత్త మోకాళ్ళొస్తాయి, ఈ పాతయి అరిగిపోతే మాత్రం ఏటి?" అన్నారు. గది శుభ్రంగా కడిగారు గానీ గచ్చు ఇంకా పాత నెయ్యి, మసాలా వాసన వదల్లేదు.

ముగ్గురం వరుసలో నిలబడ్డాం. మొదటి రకాత్, అంటే నిలబడడం నుంచి నుదురు ఆన్చడం దాకా సాగే నాలుగు వరసల్లో మొదటిది, బాగానే గడిచింది. జొహర్‌లో ఇమామ్ ఖురాన్ పైకి చదవరు, వంగేటప్పుడూ లేచేటప్పుడూ "అల్లాహు అక్బర్" అన్న మాట ఒక్కటే వినబడుతుంది. ఆ మాట పట్టుకునే వెనకవాళ్ళు కదలాలి. రెండో రకాత్‌లో సజ్దాకి నుదురు నేలకి ఆన్చాం. ఆ తర్వాత డబ్బాలోంచి ఏ మాటా రాలేదు.

ఇమామ్ సాబ్ పాపం దీర్ఘంగా ప్రార్థిస్తున్నారనుకున్నాను. ఇంకాస్త గడిచాక నిద్రపోయారనుకున్నాను. ఆ తర్వాత పోయారేమోనని కూడా అనుకున్నాను, అల్లా క్షమించాలి. నా ముక్కులోకి బిర్యానీ వాసన పోతోంది. పక్కన ఆడపడుచు భుజాలు నవ్వుతో కదలడం నాకు తెలుస్తోంది. ఆడవాళ్ళ మొదటి నమాజే ఇలా అయితే గది మళ్ళీ డేగిసాల పాలవుతుందన్న భయానికి కదలకుండా బిగబట్టుకున్నాను. అంతలో కింద చెప్పులు టపటపలాడాయి. మగవాళ్ళు వెళ్ళిపోతున్నారు. నమాజు ఎప్పుడో అయిపోయింది!

ఇద్దరం తలెత్తాం. డబ్బా మీద ఎర్ర దీపం ఆరిపోయి ఉంది. అత్తగారు మాత్రం సజ్దాలోనే ఉన్నారు. నవ్వు ఠక్కున ఆగిపోయింది. "అత్తమ్మా" అన్నాను. కదల్లేదు. ఆడపడుచు నా చెయ్యి పట్టుకుంది. వంగి చూశాను. ఆవిడ వీపు నెమ్మదిగా, మామూలుగా, పైకీ కిందికీ కదులుతోంది. పెదాలు కూడా కదులుతున్నాయి.

చాలాసేపటికి లేచారు. నుదుటి మీద గచ్చు గరుకు అచ్చుపడింది.

"డబ్బా ఆగిపోయిందత్తమ్మా" అన్నాను.

"తెలుసు. టిక్కుమని ఇనబడింది."

"మరి లేవలేదే?"

"లెగమని ఎవులూ సెప్పనేదు గదా." ఆవిడ నుదురు తుడుచుకోలేదు. "రేపట్నుంచి ఈ నేల నాకు అందదు. అందినప్పుడే ఉండిపోనాను."

నాకు ఏడుపొచ్చింది. అది కనబడకుండా కిటికీ దగ్గరికి వెళ్ళాను. కింద మా ఆయన ఒక్కడూ మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, "ఇంకా అవనేదా? కారు పెట్టి వచ్చేసరికి నాకు నమాజు సగం పోయింది. స్తంభం కాడ ఫ్యాను స్విచ్ ఏసినా తిరగనేదు, ఉడికిపోనాను" అన్నాడు.

చిన్నప్పట్నుంచీ ఆయన చేతికి అలవాటైన స్విచ్ అది. ఎలక్ట్రీషియన్ నిన్ననే దాన్ని మా డబ్బాకి కలిపి, ఫ్యానుకి పక్కన కొత్తది పెట్టాడని మేడ ఎక్కే ముందు ఇమామ్ సాబ్ నాకు చెప్పారు. మా ఆయన చూడకుండా నొక్కి తల్లి నమాజు ఆపేశాడు. ఆ సంగతి గదిలో ఉన్న ఇద్దరికీ చెప్పాను. ఆడపడుచు గోడకి జారబడి నవ్వింది.

అత్తగారు కోప్పడతారనుకున్నాను. గోడ పట్టుకుని మెల్లగా కిటికీ దగ్గరికొచ్చి కిందికి చూశారు. మిట్టమధ్యాహ్నం ఎండలో, మూడు జతల ఆడవాళ్ళ చెప్పుల పక్కన, మా మూడు సంచులూ మోస్తూ, కొడుకు కాలు మార్చి కాలు మీద నిలబడి ఉన్నాడు.

"అమ్మీ, బేగి రా, కాళ్ళు పీకేస్తన్నాయి" అన్నాడు.

"నమాజు మజ్జిలో ఆగిపోయింది గదా, మళ్ళీ మొదట్నుంచి సదవాలి. ఆనక ఎవులికి ఆళ్ళు సదువుకునే సున్నత్‌లు కూడా మిగిలున్నాయి." ఆవిడ పడమటి వైపు తిరిగి, నొప్పికి పళ్ళు బిగించి, చేతులెత్తబోతూ ఆగి, కిటికీలోంచి ఇంకో మాట కిందికి వేశారు.

"సెప్పులు జాగ్రత్తరా."